రక్తలిపిడ్ల జన్యుశాస్త్రం: హృద్రోగ కారణ నిర్ధారణలో యాదృచ్ఛికీకరణ సూత్రం

ఉపోద్ఘాతం

నూనెగింజల పంటలపై వెలువడే విస్తరణ సాహిత్యంలో ‘చెడు కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుంది’, ‘మంచి కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది’ అనే రెండు వాక్యాలు తరచుగా జంటగా కనిపిస్తాయి. ఈ రెండింటికీ సమానమైన శాస్త్రీయ ఆధారం ఉన్నదా అనేది పరిశీలించదగిన అంశం. గత రెండు దశాబ్దాల మానవ జన్యు పరిశోధన దీనికి సమాధానం ఇచ్చింది. ఆ సమాధానం లభించిన పద్ధతి క్షేత్ర ప్రయోగాలు నిర్వహించే వారికి సుపరిచితమైనదే.

సహసంబంధం, కారణత్వం

రక్తంలోని కొలెస్ట్రాల్ ప్రధానంగా అల్పసాంద్రత లైపోప్రోటీన్ (ఎల్.డి.ఎల్.), అధికసాంద్రత లైపోప్రోటీన్ (హెచ్.డి.ఎల్.) కణాల ద్వారా ప్రయాణిస్తుంది. ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు అధికమని, హెచ్.డి.ఎల్. ఎక్కువగా ఉన్నవారిలో తక్కువని జనాభా సర్వేలు తెలిపాయి. అయితే హెచ్.డి.ఎల్. తక్కువగా ఉన్నవారిలో స్థూలకాయం, ధూమపానం, మధుమేహం కూడా ఎక్కువే. కొత్త వంగడం వేసిన రైతు ఎరువును, నీటిని కూడా అధికంగా ఇచ్చినప్పుడు దిగుబడిలోని తేడాను వంగడానికే ఆపాదించలేము. ఇక్కడి సమస్యా అటువంటిదే.

1919లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో చేరిన ఆర్.ఎ. ఫిషర్ ఈ చిక్కుకు పరిష్కారంగా చికిత్సలను మడులకు యాదృచ్ఛికంగా కేటాయించే విధానాన్ని రూపొందించాడు. ప్రకృతిలో ఇటువంటి కేటాయింపు ప్రతి ఫలదీకరణలోనూ జరుగుతుంది. తల్లి లేదా తండ్రి వద్దనున్న రెండు యుగ్మవికల్పాలలో ఏది సంతానానికి చేరుతుందనేది యాదృచ్ఛికం. ఆ తరువాతి ఆహారం, ఆదాయం, అలవాట్లు దానిని మార్చలేవు. యుగ్మవికల్పాన్ని చికిత్సగా, వ్యక్తిని మడిగా భావించి చేసే ఈ విశ్లేషణను మెండీలియన్ యాదృచ్ఛికీకరణ అంటారు.

ఎల్.డి.ఎల్.: జన్యు సాక్ష్యం

ఎల్.డి.ఎల్.ను రక్తం నుండి తొలగించేది ముఖ్యంగా కాలేయ కణాలపై ఉండే గ్రాహకం. ఈ గ్రాహకాన్ని గుర్తించిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి లభించింది. గ్రాహక జన్యువులో ఒక ప్రతి లోపించిన విషమయుగ్మజ వ్యక్తులలో ఎల్.డి.ఎల్. దాదాపు రెట్టింపు ఉంటుంది. రెండు ప్రతులూ లోపించినవారికి బాల్యంలోనే గుండెపోటు రావచ్చు.

పి.సి.ఎస్.కె.9 అనే ప్రోటీన్ ఈ గ్రాహకానికి అంటుకొని దానిని కణంలో విచ్ఛిన్నం అయ్యేలా చేస్తుంది. ఈ జన్యువులో చురుకుదనాన్ని పెంచే ఉత్పరివర్తనాలు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయని 2003లో ఫ్రెంచి కుటుంబాలలో తేలింది. 2006లో అమెరికాలో ప్రచురితమైన అధ్యయనంలో 3,363 మంది నల్లజాతీయులను పరిశీలించగా, 2.6 శాతం మందిలో ఈ జన్యువును నిర్వీర్యం చేసే ఉత్పరివర్తనాలు కనిపించాయి. వారి సగటు ఎల్.డి.ఎల్. 28 శాతం తక్కువగా, హృద్ధమని వ్యాధి ముప్పు 88 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఈ ప్రోటీన్‌ను నిరోధించే ఔషధాలు 2015 నుండి వాడుకలోకి వచ్చాయి. 2017లో ప్రచురితమైన ఒక ఔషధ ప్రయోగంలో ఎల్.డి.ఎల్. 59 శాతం తగ్గినా, సుమారు రెండేళ్ల వ్యవధిలో ప్రధాన హృద్రోగ ఘటనలు 15 శాతమే తగ్గాయి. జన్యువు జీవితకాలమంతా పనిచేస్తుంది, ఔషధం ధమనులలో కొవ్వు పేరుకున్న తరువాత మొదలవుతుంది. అందువలన తగ్గుదల పరిమాణంతో పాటు దాని వ్యవధి కూడా ముఖ్యమని గ్రహించాలి.

హెచ్.డి.ఎల్.: భిన్నమైన ఫలితం

2012లో ప్రచురితమైన మెండీలియన్ యాదృచ్ఛికీకరణ అధ్యయనంలో ఎండోథీలియల్ లైపేజ్ జన్యువులోని ఒక రూపాంతరాన్ని పరిశీలించారు. అది ఇతర లిపిడ్లను చెప్పుకోదగినంతగా మార్చక హెచ్.డి.ఎల్.ను మాత్రం పెంచుతుంది. సర్వేల లెక్క ప్రకారం దానిని కలిగినవారిలో గుండెపోటు ముప్పు 13 శాతం తగ్గవలసి ఉండగా, ఎటువంటి తగ్గుదలా కనిపించలేదు. అంతకు ముందే, 2006లో, హెచ్.డి.ఎల్.ను గణనీయంగా పెంచిన టార్సెట్రాపిబ్ అనే ఔషధంపై జరుగుతున్న ప్రయోగాన్ని మరణాలు పెరిగినందున నిలిపివేశారు. హెచ్.డి.ఎల్. ముప్పును సూచించే గుర్తు మాత్రమేనని, దానిని పెంచినంత మాత్రాన రక్షణ లభించదని ఈ ఫలితాలు తెలియజేస్తున్నాయి.

పద్ధతి పరిమితులు

ఈ విశ్లేషణకు కొన్ని షరతులు ఉన్నాయి. ఒకే జన్యువు అనేక లక్షణాలను ప్రభావితం చేస్తే నిర్ధారణ తప్పవచ్చు. భిన్న వంశమూలాల జనసమూహాలను కలిపి విశ్లేషిస్తే, భూసారపు వాలును గుర్తించక బ్లాకులు వేసిన ప్రయోగంలో వలె దోషం చొరబడుతుంది. టోర్సెట్రాపిబ్ రక్తపోటును కూడా పెంచింది కనుక దాని వైఫల్యాన్ని హెచ్.డి.ఎల్.కు మాత్రమే ఆపాదించరాదు. కాబట్టి అనేక జన్యువుల సాక్ష్యం, ఔషధ ప్రయోగాల సాక్ష్యం ఒకే దిశను చూపినప్పుడే నిర్ణయానికి రావాలి. ఎల్.డి.ఎల్. విషయంలో ఆ ఏకాభిప్రాయం ఉన్నది.

ముగింపు

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ భాగస్వామ్యంతో రూపొందిన గిర్నార్ 4, గిర్నార్ 5 వేరుశనగ రకాలలో ఒలీయిక్ ఆమ్లం అధికం. ఇటువంటి రకాల ఆరోగ్య ప్రయోజనాన్ని రైతులకు, వినియోగదారులకు వివరించేటప్పుడు, ఆహారంలోని సంతృప్త కొవ్వు స్థానంలో అసంతృప్త కొవ్వును వాడితే ఎల్.డి.ఎల్. తగ్గుతుందనే అంశాన్నే ఆధారంగా తీసుకోవాలి. నూనెను అదనంగా వాడితే ఈ ఫలితం రాదని కూడా చెప్పాలి. ‘మంచి కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది’ అన్న వాక్యాన్ని హృద్రోగ రక్షణకు హామీగా కరపత్రాలలో చేర్చడం సమంజసం కాదు. యాదృచ్ఛికీకరణ లేని దిగుబడి పోలికను అంగీకరించని శాస్త్రవేత్త, ఆరోగ్య ప్రకటనల విషయంలోనూ అదే ప్రమాణాన్ని పాటించవలసి ఉన్నది.