మెడలోని చిన్న గ్రంథి, మనసులోని గుబులు



రేపు పరీక్ష అంటే ఈ రాత్రి గుండె దడదడలాడుతుంది. పరీక్ష అయిపోగానే ఆ దడ పోతుంది. ఇది అందరికీ ఉండేదే. కాని ఏ కారణమూ కనబడకుండా రోజుల తరబడి గుబులుగా ఉంటే, ఒంట్లో ఏదైనా లోపం ఉన్నదేమో చూడాలి. అటువంటి లోపాలలో ఒకదానిని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాము.

మన మెడ ముందు భాగంలో, చర్మం కింద, రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారంలో ఒక గ్రంథి ఉంది. దానిని థైరాయిడ్ గ్రంథి అంటారు. పెద్దవారిలో దాని బరువు సుమారు 20 గ్రాములు. అది థైరాక్సిన్ అనే హార్మోనును తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. శరీరంలోని పనులు ఎంత వేగంగా జరగాలో నిర్ణయించే వాటిలో ఈ హార్మోను ముఖ్యమైనది. పొయ్యిలో మంట ఎక్కువైతే అన్నం మాడుతుంది, తక్కువైతే ఉడకదు. థైరాక్సిన్ కూడా అంతే.

అది తక్కువైతే అలసట కలుగుతుంది. గది వెచ్చగా ఉన్నా చలి వేస్తుంది. చర్మం పొడిబారుతుంది. మతిమరుపు వస్తుంది. కొందరికి వీటితోపాటు దిగులు, ఆందోళన కూడా కలుగుతాయి. మెదడు పనిచేయడానికి కూడా ఈ హార్మోను కావాలి గదా! పైగా, నిన్న సులువుగా చేసిన పని ఈ రోజు చేయలేకపోతే ఎవరికైనా భయం వేస్తుంది.

ఇంట్లో అమ్మ చిన్న విషయానికే కంగారు పడుతుంటే, "నేనేం తప్పు చేశాను?" అని మీకు అనిపించవచ్చు. తప్పు మీది కాదు, అమ్మది కూడా కాదు. ఆమెను బద్ధకస్తురాలని ఎవరూ అనరాదు. పెద్దలు దిష్టి తీస్తే తీయనివ్వండి. డాక్టరు దగ్గరకు వెళ్ళడం మాత్రం మానరాదు.

డాక్టరుకు అలసట ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు. గుబులు సంగతీ చెప్పాలి. నాయనమ్మకు ఇంగ్లీషు రాకపోతే దుబాసీని ఏర్పాటు చేయమని ముందుగానే అడగవచ్చు. రక్తపరీక్ష చేస్తే జబ్బు బయటపడుతుంది. థైరాయిడ్ మందగించినప్పుడు, మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి "పనిచెయ్యి, పనిచెయ్యి" అని దానిని మరింత గట్టిగా పురమాయిస్తుంది. అందుకే రక్తంలో టి.ఎస్.హెచ్. అనే హార్మోను పెరుగుతుంది.

దీనికి మందు తొలిసారిగా వాడినవారిలో ఒకరు మనం నివసిస్తున్న బ్రిటన్‌లోనే ఉండేవారు. 1891లో న్యూకాజిల్ నగరంలో జార్జి మర్రే అనే డాక్టరు, గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ళ స్త్రీకి సూదిమందుగా ఇచ్చాడు. ఆమె కోలుకుని, ఆ మందు వాడుతూ 1919 వరకు జీవించింది.

ఇప్పుడు థైరాక్సిన్ మాత్రలు ఉన్నాయి. వాటిని రోజూ ఉదయం పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. అరగంట అయినా గడిచిన తరువాతే కాఫీ, టీ, ఫలహారం. ఇనుము, కాల్షియం మాత్రలు వేసుకునేవారు నాలుగు గంటలు ఎడం ఉంచాలి. ఇంగ్లండులో ఈ మందు రోజూ వాడవలసినవారు దరఖాస్తు చేసుకుంటే మందులకు రుసుము చెల్లించనక్కరలేదు.

గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. తొందరపడి ఎక్కువ మాత్రలు మింగరాదు. మోతాదు మించితే గుండె దడ, చేతుల వణుకు, ఆందోళన ఇంకా పెరుగుతాయి. మోతాదు సరిపోయినా గుబులు తగ్గకపోతే ఆ సంగతి డాక్టరుకు మళ్ళీ చెప్పాలి. దానికి వేరే చికిత్స ఉంది.

ఈలోగా మీరు చేయగల సాయం చాలా ఉంది. అమ్మతో కలిసి పార్కులో నడవండి. ఆమెకు గాబరా కలిగినప్పుడు పక్కన కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలండి. ఇద్దరూ తెలుగులోనే లెక్కపెట్టండి. మీకే గుబులుగా ఉంటే దాచుకోకండి. అమ్మానాన్నలకో, ఉపాధ్యాయులకో చెప్పండి. చెప్పిన బాధకే మందు దొరుకుతుంది.

అభ్యాసము

1. థైరాయిడ్ మందగిస్తే టి.ఎస్.హెచ్. ఎందుకు పెరుగుతుంది?
2. త్వరగా నయం కావాలని ఎక్కువ మాత్రలు ఎందుకు వేసుకోకూడదు?
3. దడ, దిగులు, బెంగ, కంగారు: ఈ మాటల అర్థాలలో తేడా ఏమిటి? ఒక్కొక్కదానితో ఒక సొంత వాక్యం రాయండి.