ఇరవై ఆరు జవాబులు, నాలుగు స్కోర్లు

డయాలసిస్‌కు వచ్చే మనిషికి క్రియాటినిన్ ఎంతుందో ల్యాబ్ చెబుతుంది. రాత్రిళ్లు నిద్ర పడుతోందా, చేతిలో డబ్బు ఆడుతోందా, ఆసుపత్రికి రావడానికి బస్సు దొరుకుతోందా అన్నవి మాత్రం ఆ మనిషే చెప్పాలి. వీటిని అడగడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక ప్రశ్నావళి తయారుచేసింది. దాని పేరు డబ్ల్యూహెచ్‌ఓక్వాల్-బ్రెఫ్. మొదట ఢిల్లీ, చెన్నైలతో సహా 15 కేంద్రాలు కలిసి 100 ప్రశ్నల పెద్ద ప్రశ్నావళిని రూపొందించాయి. దాన్ని కుదించిన 26 ప్రశ్నల రూపం 1996లో వెలువడింది. నింపించడం కన్నా స్కోరు కట్టడంలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఫారం చేతికి రాగానే లెక్క మొదలుపెట్టకండి. జవాబులు ఎవరివో ముందు తెలుసుకోండి. చదవలేని పెద్దావిడకు మనం ప్రశ్న చదివి వినిపించవచ్చు. కానీ పక్కనున్న కొడుకు “అమ్మకు బాగానే ఉందండీ” అంటే అది ఆమె జవాబు కాదు. అతణ్ని కాసేపు బయట కూర్చోమని, “గత రెండు వారాల్లో మీకెలా ఉందమ్మా?” అని ఆమెనే అడగాలి. మొత్తం ప్రశ్నల్లో ఐదో వంతుకు మించి, అంటే ఆరో అంతకన్నా ఎక్కువో ఖాళీగా ఉంటే ఆ ఫారం లెక్కకు పనికిరాదు.

ఇక అసలు పని. ప్రతి జవాబుకూ 1 నుంచి 5 దాకా అంకె ఉంటుంది. ఎక్కువ అంకె వస్తే బతుకు బాగున్నట్టు. కానీ 3, 4, 26 ప్రశ్నలు ఇందుకు ఎదురు నడుస్తాయి. నొప్పి పనులకు ఎంత అడ్డొస్తోంది, రోజు గడవడానికి వైద్యం ఎంత అవసరమవుతోంది, దిగులు, ఆందోళన ఎంత తరచుగా కలుగుతున్నాయి అని అవి అడుగుతాయి. ఈ మూడింటి అంకెల్నీ 6లోంచి తీసేయాలి. 5 ఉంటే 1 అవుతుంది, 4 ఉంటే 2.

స్కోరు నాలుగు విభాగాలకు విడివిడిగా కట్టాలి. శారీరక విభాగంలో 3, 4, 10, 15, 16, 17, 18 ప్రశ్నలుంటాయి. ఒకరి జవాబులు వరసగా 4, 5, 3, 3, 2, 3, 2 అనుకుందాం. మొదటి రెండూ తిప్పితే 2, 1 అవుతాయి. మొత్తం 16, సగటు 2.29. సగటును నాలుగుతో హెచ్చిస్తే 9.14. ఇది 4 నుంచి 20 దాకా ఉండే కొలత. అందులోంచి 4 తీసేసి, వందతో హెచ్చించి, 16తో భాగిస్తే సున్నా నుంచి వంద దాకా ఉండే కొలతలో 32 వస్తుంది. ఆ రెండు అంకెలూ తిప్పకుండా కూడితే ఇదే మనిషికి దాదాపు 54 వచ్చేది. నొప్పితో పనులు ఆగిపోయి, మందుల మీదే రోజు నెట్టుకొస్తున్న రోగి కాగితం మీద కులాసాగా కనిపించేవాడు. అందుకే తిప్పిన అంకెల్ని వేరే రంగు కలంతో రాయమంటాను. కంప్యూటర్లో చేసినా ఒకట్రెండు ఫారాలు చేత్తో లెక్కగట్టి సరిచూసుకోవాలి. సంస్థ ఇచ్చిన పట్టికలో అంకెలు పూర్ణాంకాలకు సవరించి ఉంటాయి కనుక అక్కడ 31 కనిపిస్తుంది. సూత్రమైనా పట్టికైనా, మొదట ఏది పట్టుకుంటే చివరిదాకా అదే వాడాలి.

మానసిక విభాగానికి 5, 6, 7, 11, 19, 26. పరిసరాల విభాగానికి 8, 9, 12, 13, 14, 23, 24, 25. లెక్క తీరు అదే.

చిక్కు సామాజిక విభాగంలో వస్తుంది. అందులో ఉన్నవే మూడు ప్రశ్నలు: 20, 21, 22. మధ్యది లైంగిక జీవితం గురించి. భర్త పోయిన స్త్రీని, పెళ్లికాని యువకుణ్ని ఆ మాట అడగడానికి మన వార్డుల్లో నోరు రాదు. అడిగినా చాలామంది తల దించుకుంటారు. అక్కడ మనకు తోచిన 3 వేసేయడం అన్యాయం. ఖాళీ అని గుర్తుపెట్టి, మిగతా రెండింటి సగటు తీసుకోవాలి. 20కి 4, 22కి 3 వస్తే సగటు 3.5, నాలుగుతో హెచ్చిస్తే 14, వంద కొలతలో 62.5. ఆ రెండింటిలో ఇంకొకటి కూడా లేకపోతే ఆ విభాగానికి స్కోరు కట్టకూడదు. అలాంటి ఖాళీలు ఎక్కువైతే తప్పు రోగులది కాదు. మనం అడిగే చోట తెర, తలుపు, కాస్త ఏకాంతం ఉన్నాయో లేదో చూసుకోవాలి.

నాలుగు స్కోర్లూ వచ్చాక వాటిని కూడి ఒకటే అంకె చేయకండి. శారీరకంలో 32, సామాజికంలో 62.5 వచ్చిన మనిషికి ఒళ్లు సహకరించకపోయినా తనవాళ్ల అండ ఉంది. సగటు తీస్తే ఆ రెండు సంగతులూ పోతాయి. మొదటి రెండు ప్రశ్నలు, అంటే బతుకు మొత్తంమీద ఎలా ఉంది, ఆరోగ్యం తృప్తిగా ఉందా అన్నవి, ఏ విభాగంలోనూ కలవవు. వాటిని విడిగా రాసి, నాలుగు స్కోర్ల పక్కనే ఉంచి, కేస్‌షీటుకు జతచేసి డాక్టరుగారికి పంపాలి.