చిన్న ట్రాక్టరుకు అదనపు పనిముట్లా, పెద్ద ట్రాక్టరా? – ఎంపికలో పాటించవలసిన లెక్కలు

2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం విస్తీర్ణం ఒక హెక్టారు మాత్రమే. వరంగల్ నగరంలోని కాశిబుగ్గను ఆనుకొని ఉన్న గ్రామాలలో ప్రత్తి, మిరప, మొక్కజొన్న పండించే రైతులు 15-25 హెచ్.పి. చిన్న ట్రాక్టరు కొన్న తరువాత విస్తరణ శాస్త్రవేత్తలను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: ఉన్న ట్రాక్టరుకు పనిముట్లు సమకూర్చుకోవాలా, లేక దానిని అమ్మి పెద్దది కొనాలా? ఈ ప్రశ్నకు హెచ్.పి. ఒక్కటే చూసి సమాధానం చెప్పడం అప్పుల పాలు చేసే సలహా కాగలదు. ఈ క్రింది మూడు లెక్కలు వేసిన పిదపనే సూచన ఇవ్వాలి.

1. లాగుడు శక్తి: 30 సెం.మీ. వెడల్పు గల ఒక రెక్క నాగలి 20 సెం.మీ. లోతున దున్నితే కోసే మట్టి అడ్డుకోత 600 చ.సెం.మీ. నేల నిరోధం చెలకలో చ.సెం.మీ.కు 0.35 కిలోలు, రేగడిలో 0.6 కిలోలు అనుకుంటే లాగుడు వరుసగా 210, 360 కిలోలు అవుతుంది. 800 కిలోల బరువున్న ట్రాక్టరు దుక్కి నేలలో తన బరువులో 40 శాతం లాగగలదనుకుంటే అది 320 కిలోలు. అనగా చెలకలో పని సాగుతుంది, రేగడిలో చక్రాలు జారుతాయి. గంటకు 4 కి.మీ. వేగంతో 360 కిలోలు లాగడానికి కావలసినది సుమారు 5.3 హెచ్.పి. మాత్రమే. కాబట్టి ఇక్కడ లోపం ఇంజనులో లేదు, చక్రాల పట్టులో ఉంది. లోతు 15 సెం.మీ.కు తగ్గిస్తే లాగుడు 270 కిలోలకు దిగి పని సాధ్యమవుతుంది.

రోటవేటరు, స్ప్రేయరు వంటివి పి.టి.ఓ. ద్వారా శక్తిని గ్రహిస్తాయి. చక్రాల పట్టుపై అంతగా ఆధారపడవు. చిన్న ట్రాక్టరుకు మొదట ఎంచుకోవలసినవి ఇవే. అయితే ఏటా రోటవేటరుతోనే దున్నితే అడుగున గట్టి పొర ఏర్పడుతుంది. కనుక లోతు దుక్కి అవసరం మిగిలే ఉంటుంది.

2. పని సామర్థ్యం: పనిముట్టు వెడల్పు (మీటర్లు), వేగం (గంటకు కి.మీ.), క్షేత్ర సామర్థ్యం, ఈ మూడింటిని గుణించి 10తో భాగిస్తే గంటకు హెక్టార్లు వస్తాయి. 0.9 మీటర్ల రోటవేటరు 3 కి.మీ. వేగంతో, 75 శాతం సామర్థ్యంతో గంటకు 0.2 హెక్టారు, అంటే అర ఎకరం పూర్తి చేస్తుంది. 5 ఎకరాలకు 10 గంటలు. రెండు రోజులలో పని ముగుస్తుంది. అదే 20 ఎకరాలైతే 40 గంటలు. తొలకరి పదును అంతవరకు నిలుస్తుందా అన్నదే నిర్ణాయకం.

3. స్థిర వ్యయం: ఉదాహరణకు ట్రాక్టరు ధర 8 లక్షలు, ఆయుర్దాయం 10 ఏళ్ళు, చివరి విలువ 10 శాతం అనుకుంటే ఏటా తరుగుదల 72,000 రూపాయలు. ఏడాదికి 1000 గంటలు నడిస్తే గంటకు 72 రూపాయలు. 200 గంటలే నడిస్తే 360 రూపాయలు. వడ్డీ, డీజిలు, మరమ్మతులు దీనికి అదనం. పని గంటలు లేని చోట పెద్ద ట్రాక్టరు బరువంతా రైతు మీదనే పడుతుంది.

అంతర కృషి విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ట్రాక్టరు మొత్తం వెడల్పు సాళ్ళ మధ్య దూరం కంటే తక్కువ ఉండాలి. కనుక విత్తే ముందే, ట్రాక్టరును కొలిచి సాళ్ళ దూరం నిర్ణయించాలి. పనిముట్టు బరువు హైడ్రాలిక్ లిఫ్టు పరిమితిలో ఉండాలి. ఎత్తినప్పుడు ముందు చక్రాలు తేలిపోతే ముందు భాగాన బరువులు అమర్చాలి. పి.టి.ఓ. షాఫ్టుకు రక్షణ తొడుగు లేకుండా నడపరాదు.

సూచన: 5 ఎకరాల వరకు సొంత భూమి గల రైతు చిన్న ట్రాక్టరును ఉంచుకొని రోటవేటరు, గొర్రు, స్ప్రేయరు సమకూర్చుకోవడం, రేగడిలో వేసవి లోతు దుక్కిని అద్దె ట్రాక్టరుతో చేయించుకోవడం మేలు. భూమి ఎక్కువగా ఉండి పదును దాటిపోతున్నప్పుడు, లేదా గ్రామంలో అద్దె పని ఏడాది పొడవునా ఖాయంగా దొరికినప్పుడు మాత్రమే పెద్ద ట్రాక్టరు లాభసాటి. విస్తరణ సిబ్బంది ధరల పట్టిక చూపడానికి ముందు రైతుతో ఒక ఏడాది పని గంటలను కాగితంపై వ్రాయించాలి. చాలాసార్లు సమాధానం ఆ కాగితంలోనే దొరుకుతుంది.