తాడా, పామా? అలర్జీ రక్తపరీక్షను చదవడం ఎలా

అలర్జీ ఉందేమోనని రక్తపరీక్ష చేయించుకుంటే ఈ రోజుల్లో రెండు మూడు పేజీల రిపోర్టు చేతికొస్తుంది. ఎడమవైపు రొయ్య, పల్లీ, గోధుమ, బొద్దింక అంటూ ఓ పెద్ద జాబితా, కుడివైపు అంకెలు. కొన్ని అంకెల పక్కన ఎర్ర గుర్తు. ఎర్రగా ఉన్నవన్నీ తినడం మానేయాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ అంకె చెప్పేది అది కాదు. మరి ఏం చెబుతుందో, నేను చదివి తెలుసుకున్నంతలో, సెన్సార్ల గురించి చదువుకునే మన మిత్రులకు అర్థమయ్యేలా రాస్తున్నాను.

రక్తంలో ఏముంది?

1921లో జర్మనీలో ప్రాస్నిట్జ్, కుస్ట్నర్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక సాహసం చేశారు. కుస్ట్నర్‌కి చేప పడదు. ఆయన రక్తంలోంచి తీసిన సీరమ్‌ని ప్రాస్నిట్జ్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మర్నాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించుకుంటే దద్దు లేచింది. అంటే అలర్జీని మోసేదేదో రక్తంలోనే ఉందన్నమాట! అదేమిటో తేలడానికి మరో నలభై ఏళ్ళకు పైగా పట్టింది. 1960ల చివర్లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు ఇషిజాకాలు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ వేర్వేరుగా దాన్ని పట్టుకున్నారు. 1968లో దానికి ఇమ్యునోగ్లోబ్యులిన్-ఈ అనే పేరు ఖాయమైంది. క్లుప్తంగా ఐజీఈ.

ఈ యాంటీబాడీలు మన చర్మంలో, శ్వాసనాళాల్లో ఉండే మాస్ట్ కణాలకు అతుక్కుని కాచుకుని ఉంటాయి. తమకు సరిపోయే ప్రోటీన్ వచ్చి పక్కపక్కనే ఉన్న రెండు ఐజీఈలను కలిపి పట్టుకుంటే, ఆ కణం హిస్టమిన్‌ని వదులుతుంది. దద్దుర్లు, వాపు, ఆయాసం అప్పుడే మొదలవుతాయి.

పరీక్ష ఎలా పనిచేస్తుంది?

ఉదాహరణకు రొయ్య ప్రోటీన్‌ని ఒక ఆధారానికి అతికించి, దాని మీద మన సీరమ్ పోస్తారు. రొయ్యని గుర్తుపట్టే ఐజీఈ ఉంటే అక్కడ అతుక్కుంటుంది. మిగిలినదంతా కడిగేస్తారు. తర్వాత ఐజీఈకి మాత్రమే అతుక్కునే, గుర్తు కట్టిన మరో యాంటీబాడీని పోస్తారు. 1967లో స్వీడన్ వాళ్ళు తెచ్చిన మొదటి పద్ధతిలో ఆ గుర్తు రేడియోధార్మిక అయోడిన్. ఇప్పుడు ఎక్కువగా వెలుగునిచ్చే పదార్థాలు వాడుతున్నారు. వెలుగు ఎంత ఉంటే ఐజీఈ అంత. లీటరుకు 0.35 కిలోయూనిట్లు దాటితే పాజిటివ్ అనడం చాలాకాలంగా ఉన్న వాడుక.

గమనించండి, ఈ యంత్రం కొలిచింది "అతుక్కోవడం" ఒక్కటే. తింటే ఏమవుతుందో అది చూడలేదు.

క్రాస్ రియాక్టివిటీ

చీకట్లో తాడుని చూసి పామనుకోవడం మనకు తెలిసిందే. యాంటీబాడీదీ ఇంచుమించు అదే పరిస్థితి. అది చూసేది ప్రోటీన్ ఉపరితలం మీద ఒక చిన్న ఆకారాన్ని. ఆ ఆకారం ఇంకో ప్రోటీన్‌లో ఉన్నా పట్టుకుంటుంది.

నా రూమ్మేట్‌ది రొయ్యల చెరువుల ఊరు. ఒకసారి రొయ్యల వేపుడు తిన్న పావుగంటలో పెదాలు వాచి, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయి. ఒక ల్యాబ్‌లో పెద్ద ప్యాకేజీ పరీక్ష చేయించాడు. రొయ్య, పీత, బొద్దింక, దుమ్ములో ఉండే మైట్లు, పల్లీ, శనగలు అన్నీ పాజిటివ్! ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, ఆ కాగితం చూసి హాస్టల్ మెస్‌లో పల్లీ చట్నీ, శనగల కూర, చివరికి చేపలు కూడా మానేశాడు. నెలలో మనిషి సగమయ్యాడు.

అలర్జీ డాక్టరు ఆ జాబితాను విడదీసి చెప్పారు. రొయ్య, పీత, బొద్దింక, మైట్ల కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ దాదాపు ఒకేలా ఉంటుంది. అది ఉడికించినా చెడదు. కాబట్టి రొయ్య పడనివాళ్ళు పీతకీ దూరంగా ఉండడం మంచిదే. చేపలో అలర్జీకి ముఖ్య కారణం పార్వాల్బుమిన్ అనే వేరే ప్రోటీన్. రొయ్య పడకపోతే చేప పడదని కాదు. ఇక పల్లీ, శనగ రెండూ ఒకే కుటుంబానివి కనక వాటి ప్రోటీన్లలో పోలికలుంటాయి. పైగా మొక్కల ప్రోటీన్లకు ఉండే చక్కెర గొలుసులకు కూడా ఐజీఈ అతుక్కోవచ్చు. రిపోర్టు పాజిటివ్ అంటుంది కానీ చాలామందిలో వాటివల్ల ఏ ఇబ్బందీ రాదు. వాడు చిన్నప్పటినుంచీ పల్లీలు, శనగలు తింటూ పెరిగినవాడే. ఆ అనుభవమే కాగితం కన్నా పెద్ద సాక్ష్యం అన్నారు డాక్టరు.

ఒక చిన్న లెక్క

అంకెలు నేను ఊహించినవే. 1000 మందిలో 20 మందికి నిజంగా అలర్జీ ఉందనుకుందాం. పరీక్ష వాళ్ళలో 18 మందిని పట్టింది. అలర్జీ లేని 980 మందిలో 5 శాతం, అంటే 49 మందికి తప్పుగా పాజిటివ్ చూపింది. మొత్తం పాజిటివ్‌లు 67, అందులో నిజమైనవి 18. నాలుగింట ఒక వంతు కాస్త పైన!

అదే యంత్రంతో, తిన్నాక ఒళ్ళు వాచినవాళ్ళనే 1000 మందిని పరీక్షిద్దాం. వాళ్ళలో 500 మందికి నిజంగా అలర్జీ ఉంటే, 450 నిజమైన పాజిటివ్‌లు, 25 తప్పుడువి. ఇప్పుడు పాజిటివ్ అంటే 95 శాతం నమ్మవచ్చు. ఎవరిని, ఎందుకు పరీక్షిస్తున్నామన్నదాన్ని బట్టి అంకె అర్థం మారిపోయింది. ప్రాబబిలిటీ క్లాసులో చెప్పిన బేయిస్ సూత్రం ఇదే.

గుర్తుంచుకోవలసినవి

ఏం తిన్నాక, ఎంతసేపటికి, ఏం జరిగిందో రాసి పెట్టుకుని డాక్టరుకి చెప్పండి. ఏ పరీక్ష కావాలో అందులోంచే తేలుతుంది. అన్నీ కలిపిన ప్యాకేజీ అక్కర్లేదు. మొత్తం ఐజీఈ ఎక్కువుంటే కంగారు పడకండి, కడుపులో నులిపురుగులున్నా అది పెరుగుతుంది. అలాగే అంకె చిన్నదని ధీమా వద్దు, తక్కువ అంకెతోనూ తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. అనుమానం తీరకపోతే డాక్టర్ల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తినిపించి చూసే పరీక్ష ఉంది. దాన్ని ఆసుపత్రిలోనే చేయాలి. హాస్టల్ గదిలో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి.