నలుపులోని వెండి

పండుగ దినములు సమీపించినప్పుడు తెలుగువారి ఇండ్లలో చెక్కపెట్టెలు, ఇనుప బీరువాలు తెరవబడును. పట్టుచీరల మడతల నడుమనుండి గుడ్డమూట యొకటి బయటికి వచ్చును. అందులో పట్టీలు, కడియములు, పసిపిల్లల మొలత్రాడు, గజ్జెలు, కుంకుమ భరిణె, ఉగ్గుగిన్నె మొదలగునవి యుండును. మూట కట్టిననాడు వెన్నెలవలె తెల్లగా నున్న యీ వస్తువులు, విప్పునప్పటికి కొన్ని పసుపుపచ్చగను, కొన్ని గోధుమవన్నెగను, కొన్ని కాటుకవలె నల్లగను మారియుండును. ఎవ్వరును వానిని తాకలేదు, ధూళి సోకలేదు, నీరు తగులలేదు. ఐనను వెండి నల్లబడినది. అదే ఇంట ఇల్లాలి కాలివ్రేళ్ళకున్న మెట్టెలు మాత్రము, నిత్యము మట్టిలోను నీటిలోను మెలగుచున్నను, తెల్లగనే యున్నవి! ఇది వింతగా తోచును గాని కారణము సులభమైనదే. మెట్టె నడచునప్పుడెల్ల నేలకును, ప్రక్కవ్రేలికిని ఒరసికొనుచుండును. దానిపై పొర కట్టుటకు తీరిక చిక్కదు.

ఆ పొర యేమి? ఇనుము తేమతోను ప్రాణవాయువుతోను కూడి త్రుప్పు పట్టుట అందరెరిగినదే. వెండియు అట్లే త్రుప్పు పట్టునని పలువురు తలంతురు. అది సరికాదు. సాధారణమైన గాలిలోని ప్రాణవాయువు వెండి జోలికి పోదు. వెండిని నల్లబరచునది గంధకము. మురుగుకాలువలనుండియు, కుళ్ళిన చెత్తకుప్పలనుండియు హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువు వెలువడుచుండును. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన యీ వాయువుదే. గాలిలో అది మన ముక్కునకు తెలియనంత స్వల్పముగా నున్నను వెండి దానిని గుర్తుపట్టును. గాలిలో తేమ యున్నచో పని మరింత వేగిరపడును. ఉడికించిన గ్రుడ్డును వెండిచెంచాతో తినినచో చెంచా త్వరలోనే మచ్చపడును. గ్రుడ్డులోని గంధకమే యందుకు కారణము. ఉన్నిబట్టలోను గంధకము కలదు. రబ్బరును గట్టిపరచుటకు దానిలో గంధకము కలుపుదురు. అందుచే పట్టీల జతను రబ్బరు బాండుతో బిగించి దాచినచో, ఆ బాండు తగిలిన చోటనే నల్లని గీత పడును. భద్రము కొరకు చేసిన పనియే కీడు చేసినదన్నమాట!

గంధకము వెండితో కలియగా ఏర్పడు పదార్థమునకు సిల్వర్ సల్ఫైడు అని పేరు. మొదట అది కంటికి కనబడనంత పలుచని పొరగా కట్టును. పొర కొంత దట్టమైనప్పుడు వెండి పసుపువన్నె దాల్చును. తరువాత గోధుమవన్నె, ఆపై నీలిచాయ, తుదకు నలుపు. నీటిపై పరచుకొన్న కిరసనాయిలు రంగురంగులుగా మెరయుటకు ఏది కారణమో, ఈ తొలిరంగులకును అదియే కారణము. పొరయొక్క పైతలమునుండియు, అడుగుతలమునుండియు తిరిగివచ్చు కాంతి ఒకదానితో నొకటి కలిసికొనుటచే ఆ రంగులు పుట్టుచున్నవి. కంటికి కనబడు వెలుగును లోహములన్నింటిలో అధికముగా తిప్పికొట్టునది వెండి. అట్టి వెండియే యీ పొర క్రింద చీకటియైపోవును.

ఇచ్చట జాగ్రత్తగా గమనింపవలసిన విషయ మొకటి కలదు. 100 గ్రాముల సిల్వర్ సల్ఫైడులో గంధకము 13 గ్రాములు మాత్రమే. తక్కిన 87 గ్రాములును వెండియే. అనగా మురికియని తోమి పారవేయు ఆ నలుపులో అధికభాగము ఇంటివారి సొమ్మే! వంటపాత్రపై మసి బయటినుండి వచ్చి అంటుకొన్నది. దానిని తుడిచినచో పాత్రకు నష్టము లేదు. వెండిపై నలుపు అట్టిది కాదు; అది వెండినుండియే పుట్టినది. దానిని గీకివేయుట వెండిని గీకివేయుటయే. గీకునప్పుడు నలుపుతోపాటు దాని క్రిందనున్న తెల్లని వెండియు కొంత పోవును. ఒక్కమారు తోమినంత మాత్రమున పోవు వెండిని త్రాసు కనిపెట్టలేకపోవచ్చును. నలువది ఏండ్లు తోమినచో కన్నే కనిపెట్టును.

మన ఇండ్లలో వెండి తోముటకు వాడు వస్తువులు పెక్కు: చింతపండు, బూడిద, ముగ్గుపిండి, పండ్లపొడి, కుంకుడురసము. ఇవి యన్నియు ఒకే తీరున పనిచేయవు. చింతపండులోని పులుపునకు ముఖ్యకారణము టార్టారిక్ ఆమ్లము. రాగి, ఇత్తడి పాత్రలమీది చిలుమును అది ఇట్టే వదలించును. అందుచేతనే వెండికిని అదియే మందని పూర్వులు తలచియుందురు. కాని సిల్వర్ సల్ఫైడు చింతపండు పులుపునకు లొంగునది కాదు. కేవలము వెండి మిక్కిలి మెత్తనిదగుటచే నగలకు కొంత రాగి కలుపుదురు. నగపై 925 అను ముద్ర యున్నచో వేయి పాళ్ళలో 925 పాళ్ళు వెండి యని అర్థము. ఆ రాగిమీది మచ్చలను చింతపండు కొంత తీయవచ్చును. తక్కిన తెలుపు తోమిన చేతి చలువయే. కుంకుడురసము జిడ్డును చక్కగా వదలించును. వెండికి హాని చేయదు. నలుపును మాత్రము తీయదు.

ఇక బూడిద. ఊకబూడిదలో అధికభాగము సిలికా. ఇసుకలో నుండునదియు అదియే. కాఠిన్యమును తెలుపు మోస్ మానములో వెండికి ఇంచుమించు 2.5, సున్నపురాతికి 3, ఇసుకరేణువునకు 7. కఠినమైనది మెత్తనిదానిని గీరును గాని మెత్తనిది కఠినమైనదానిని గీరదు. బూడిదను కొబ్బరిపీచుతో వెండిపై రుద్దుట యనగా సన్నని ఆకురాయితో రుద్దుటయే. వెండి తెల్లబడుట నిజమే. ఆకురాయితో రుద్దినను తెల్లబడును.

ఒక రైతు కుటుంబములోని ముచ్చట యిందుకు నిదర్శనముగా చెప్పుకొనదగినది. సంక్రాంతికి ముందు ఒక అమ్మమ్మ తన పెండ్లినాటి పట్టీలను తోముటకు కూర్చుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలు ప్రక్కన చేరి వానిని త్రిప్పి త్రిప్పి చూచెను.

“అమ్మమ్మా! ఈ పట్టీలమీద పువ్వులున్నవని చెప్పితివే, ఏవీ?”

“ఉండవలెనే తల్లీ! మా అమ్మ చేయించిననాడు ప్రతి బిళ్ళమీదను ఒక తామరపువ్వు ఉండెను. కంసాలి దినముల తరబడి కూర్చుండి చెక్కెను.”

“మరి ఎవరు తీసికొనిపోయిరి?”

“ఎవరు తీసికొనిపోదురే? పెట్టె తాళము నా కొంగుననే యున్నది గదా!”

మనుమరాలు అమ్మమ్మ చేతిలోని కొబ్బరిపీచును చూపి, “దొంగ నీ చేతిలోనే యున్నాడు, అమ్మమ్మా!” అనెను.

అమ్మమ్మకు కొంచెము కోపము వచ్చెను. తన తల్లియు బూడిదతోనే తోమినదనియు, తల్లికి తల్లియు నట్లే చేసినదనియు, నిన్నటి పిల్లలు వచ్చి తనకు తోముట నేర్పనక్కరలేదనియు ఆమె పలికెను. ఐనను మనుమరాలి మాట తీసివేయలేక, ఒక పట్టీని ఆమె కిచ్చి, రెండవదానిని తాను తోమసాగెను. అర్ధగంట గడచునప్పటికి రెండును తెల్లనయ్యెను. అమ్మమ్మ పట్టీయే కొంచెము ఎక్కువగా మెరయుచుండెను. “చూచితివా!” అని ఆమె నవ్వెను. బాలిక మారు పలుకక అమ్మమ్మ ప్రక్కనున్న పీచును, బూడిదనీటిని చూపెను. రెండును నల్లగా నుండెను. “ఆ నలుపులో నున్నది నీ వెండియే, అమ్మమ్మా. నా గిన్నెలో రేకు మాత్రమే మసకబారినది. పట్టీమీది వెండి పట్టీమీదనే నిలిచినది” అనెను. అమ్మమ్మ ఆ పీచును చాలసేపు చూచెను. పిమ్మట బాలిక తన చేతిలోని పట్టీని వెలుగునకు పట్టెను. కొక్కెము ప్రక్కన, ఇన్నేండ్లును పీచు చొరని సందులో, ఒక్క తామరపువ్వు రేకులతో సహా మిగిలియుండెను. తక్కిన బిళ్ళలపై పువ్వులు లేవు. అవి యిక తిరిగి వచ్చునవి కావు.

ఆ బాలిక చేసిన పని యిది. మొదట పట్టీని కుంకుడురసముతో కడిగి జిడ్డు పోగొట్టెను. వెడల్పాటి గాజు గిన్నెలో అడుగున వంటయింటి అల్యూమినియము రేకును పరచెను. పట్టీని ఆ రేకునకు అంతటను తగులునట్లు పెట్టెను. ఒక పెద్ద చెంచాడు వంటసోడాను, ఒక పెద్ద చెంచాడు ఉప్పును వేసెను. ఒక లీటరు నీటిని బాగుగా వేడిచేసి, తల్లి సాయముతో మెల్లగా పోసెను. చన్నని గాజుగిన్నెలో సలసల కాగు నీరు పోసినచో గిన్నె పగులును గావున అట్టిపనికి పింగాణి లేక స్టీలు పాత్ర మేలు. నీటిలో చిన్న బుడగలు లేచెను. ఒక విధమైన కుళ్ళు వాసనయు వచ్చెను. ఆ వాసన వెండిని విడిచిపోవుచున్న గంధకముది. అందుచే కిటికీలు తెరచి యుంచవలెను. రెండు మూడు నిమిషములకు పట్టీని చెంచాతో త్రిప్పి, మరల అంతసేపు ఉంచి, పిదప మంచినీటిలో కడిగి, నూలుగుడ్డతో తడి లేకుండ తుడిచెను.

ఇందలి రహస్యము అల్యూమినియములో నున్నది. ఈ లోహము ఎలెక్ట్రానులను వెండికన్న మిక్కిలి సులువుగా విడుచును. రెండు లోహములును ఒకదానినొకటి తాకుచు ఉప్పునీటిలో నున్నప్పుడు, అల్యూమినియమునుండి ఎలెక్ట్రానులు వెండివైపునకు ప్రవహించును. సల్ఫైడులో బంధింపబడిన వెండి ఆ ఎలెక్ట్రానులను గ్రహించి మరల శుద్ధమైన వెండియగును. గంధకము దానిని వీడి నీటిలోనికి పోవును. అనగా గిన్నెలో నడచునది చిన్న విద్యుద్ఘటమే. అల్యూమినియముపై సహజముగా ఒక రక్షణపొర యుండును. సోడా, ఉప్పు కలిసి దానిని బలహీనపరచును. రేకు నగకు తగులనిచో మాత్రము ఫలితముండదు. కొందరు రేకును చుట్టచేసి గిన్నెలో ఒకమూల పడవేసి, పనిచేయలేదని సోడాను నిందింతురు! రేకు లేని ఇంట పాత సత్తుగిన్నెతోను ఈ పని జరుగును. ఆ గిన్నె మాత్రము కాంతి తప్పును.

ఈ పద్ధతి అన్నింటికిని తగదు. చాల ఏండ్లు నల్లబడిన వస్తువు ఈ స్నానము తరువాత తెల్లబడును గాని తళతళలాడదు; తిరిగి ఏర్పడిన వెండి నునుపుగా పరచుకొనకపోవుటచే మసకగా, పాలవన్నెతో నుండును. మెత్తని నూలుగుడ్డతో నెమ్మదిగా ఒత్తి తుడిచినచో కొంత మెరుగు వచ్చును. అంతకుమించి ఆశింపరాదు. ముత్యములు, పగడములు పొదిగిన నగలను వేడి సోడానీటిలో ముంచరాదు. చింతపండు, నిమ్మరసము వానికి మరింత కీడు. ముత్యమును, పగడమును ముఖ్యముగా కాల్షియం కార్బొనేటుతో ఏర్పడినవి గావున పులుపునకు కరగును. లోపల లక్క నింపిన నగలలో వేడికి లక్క మెత్తబడును. జిగురుతో అంటించిన రాళ్ళు ఊడిపోవును. గిలిటునగలను పొడి మెత్తని గుడ్డతో తుడుచుటయే క్షేమము. మరియొక జాతి నగలు కలవు. చెక్కడపు లోతులు నల్లగా నుండి, మిట్టలు తెల్లగా మెరయవలెనని పనివాడే బుద్ధిపూర్వకముగా గంధకపు మందుతో నల్లబరచును. వానిని సోడానీటిలో ముంచినచో ఆతని పనియంతయు వ్యర్థమగును. ఇంటివారు మచ్చయని తీయునది ఆతనికి కుంచె!

తోముటవలన కలుగు నష్టము తీగపనిలో ఎక్కువగా తెలియును. కరీంనగరములో వెండిని సన్నని తీగలుగా సాగదీసి, మెలివేసి, ఆకులుగను తీగెలుగను చుట్టి, పళ్ళెములు, అత్తరుదానులు, నగలపెట్టెలు చేయు శిల్పము కలదు. 2007లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి వస్తువుపై పీచు పెట్టినచో తీగలు వంగును, అతుకులు విడును, బూడిద సందులలో చిక్కుకొనును. రాళ్ళును పూతయు లేని తీగపనికి ముంచి తీయు పద్ధతియే తగినది. అదియు రేకు అన్నివైపుల తగులునట్లు పట్టవలెను. విలువగల పాతవస్తువైనచో దానిని చేయువారికే చూపుట మరింత మేలు.

వీధులవెంట తిరుగుచు “వెండికి, బంగారమునకు మెరుగు పెట్టుదుము” అని కేకలువేయు అపరిచితుల విషయములో మరింత మెలకువ అవసరము. నత్రికామ్లము వెండిని కరగించును. బంగారమునకు వేరు ద్రావకము కలదు. నగను ద్రావకములో ముంచి, తళతళలాడజేసి తిరిగి యిత్తురు. ఇంటివారు మెరుపును చూచి సంతోషింతురు గాని తూకము చూడరు. కరగిన లోహము సీసాలో నుండును. సీసా వీధి దాటిపోవును. పేదయింట వెండి అలంకారము మాత్రమే కాదు. పంట పోయిన యేట విత్తనములకు, బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి మందులకు కుదువబెట్టునది అదియే. కుదువకొట్టువాడు పువ్వులను లెక్కింపడు, తూకమునే లెక్కించును.

నల్లబడిన తరువాత తెల్లబరచుటకన్న నల్లబడకుండ చూచుట సులువు. నగను చెమట, సబ్బు లేకుండ కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే దాచవలెను. ఒకదానితో నొకటి రాపిడి పడకుండ వేర్వేరుగా ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, గాలి చొరని సంచిలోనో డబ్బాలోనో పెట్టవలెను. ఉన్నిగుడ్డను, రబ్బరు బాండును దరిజేరనీయరాదు. డబ్బాలో ఒక సుద్దముక్కను వేసినచో అది లోపలి తేమను కొంత పీల్చుకొనును. ఆ సుద్దముక్కను అప్పుడప్పుడు తీసి, ఎండలో ఆరబెట్టి, మరల వేయవచ్చును.