పార కామతో కొట్టాడు... యావజ్జీవమేనా?

మాది పల్నాడులో ఒక పల్లె. పోయిన నెల పొలం గట్టు దగ్గర మా ఆయనకీ, వాళ్ల పెదనాన్నగారి అబ్బాయికీ మాటామాటా పెరిగింది. మా ఆయన చేతిలో ఉన్న పార తిరగేసి కామతో కొట్టాడు. బావగారి ముంజేతి ఎముక విరిగింది. పోలీసులు 118(2) కింద కేసు రాశారు. యావజ్జీవం దాకా పడొచ్చని ఎవరో చెప్పేసరికి మా ఆయన ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. పెద్దమనుషులు డబ్బిచ్చి రాజీ పడమంటున్నారు. మా పుట్టింటివాళ్లేమో, బావగారు నా చెయ్యి పట్టుకు లాగారని ఎదురు కేసు పెట్టమంటున్నారు. ఆయన అలాంటి మనిషి కాదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

అమ్మా,

మీరు చివర్లో రాసిన విషయమే ముందు చెబుతాను. ఆ ఫిర్యాదు మీద సంతకం పెట్టకండి, ఎవరెంత ఒత్తిడి చేసినా సరే. తెలిసి తెలిసి తప్పుడు కేసు పెట్టడం కూడా నేరమే. ఇప్పుడు మీ ఇంట్లో ముద్దాయి ఒక్కరే, అప్పుడు మీరూ అవుతారు. పైగా రేపు మీ ఊళ్లో నిజంగానే ఒక ఆడపిల్ల ఇలాంటి ఫిర్యాదుతో స్టేషన్‌కి వెళితే, మీ కేసు గుర్తుపెట్టుకుని ఆ పిల్లను అనుమానిస్తారు. బావగారు అలాంటి మనిషి కాదని నాకు రాయగలిగారు, ఆ మాటే మీవాళ్లకూ చెప్పండి.

ఇక శిక్ష సంగతి. 2024 జూలై 1 నుంచి జరిగే నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. మామూలు గాయమైతే 115(2): ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. ఎముక విరిగితే చట్టం దృష్టిలో అది తీవ్ర గాయం. అప్పుడు 117(2) కింద ఏడేళ్ల దాకా జైలు, జరిమానా. అదే తీవ్ర గాయం ప్రమాదకరమైన ఆయుధంతో చేస్తే 118(2): తక్కువలో తక్కువ ఏడాది, పదేళ్ల దాకా, లేదంటే యావజ్జీవం. మీ ఆయన్ను భయపెట్టింది ఈ ఆఖరి మాటే. అది చట్టం పెట్టిన పైహద్దు. ఈ సెక్షన్ కింద నేరం రుజువైన ప్రతివాళ్లకూ అంత శిక్ష వేయరు.

ఎముక విరగడం ఎక్స్‌రేలో, ఆస్పత్రి ఇచ్చే గాయాల సర్టిఫికెట్‌లో తేలిపోతుంది. అసలు వాదన పార మీద నడుస్తుంది. పొడిచే, కోసే పరికరమో, ఆయుధంగా వాడితే ప్రాణం తీయగలిగే వస్తువో అయితేనే 118. పార అంచు తగలడం వేరు, కామ తగలడం వేరు. కేరళ నుంచి వచ్చిన ఒక అప్పీలులో 2005లో సుప్రీంకోర్టు, కొట్టిన రాయి పరిమాణాన్ని బట్టి అది ప్రమాదకరమైన ఆయుధం అనలేమని శిక్షను తక్కువ సెక్షన్‌కు మార్చింది. అందుకే పార ఎటు తిప్పి, ఎన్నిసార్లు, ఎక్కడ కొట్టాడో మీ ఆయన వకీలుకు ఉన్నదున్నట్టు చెప్పాలి.

దాక్కోవడం మాత్రం మానాలి. 118(2) బెయిలు హక్కుగా దొరికే సెక్షన్ కాదు. పరారీలో ఉన్నాడని పోలీసులు రాస్తే బెయిలు ఇంకా కష్టమవుతుంది. ముందస్తు బెయిలుకు సెషన్స్ కోర్టులో వెంటనే దరఖాస్తు చేయించండి.

రాజీ మంచిదే, కానీ పెద్దమనుషుల కాగితంతో కేసు పోదు. 117(2) అయితే కోర్టు అనుమతితో గాయపడిన మనిషి రాజీ పడవచ్చు. 118(2)కి ఆ వీలు లేదు. రాజీ పత్రంతో హైకోర్టుకు వెళ్లి కేసు కొట్టేయమని అడగాల్సిందే, ఒప్పుకోవడం కోర్టు ఇష్టం. బావగారి వైద్యం ఖర్చు మాత్రం రాజీ కుదిరినా కుదరకపోయినా మీరు పెట్టుకోవాలని నా అభిప్రాయం. విరిగిన చేత్తో ఆయన ఈ కారు పొలం పనికి వెళ్లలేరు కదా. అయితే మీ ఆయన నేరుగా వెళ్లి డబ్బు చేతిలో పెట్టకూడదు, సాక్షిని లోబరుచుకున్నట్టు అవుతుంది. వకీలుకు చెప్పి, ఆయన సూచించిన పద్ధతిలో ఇవ్వండి.

వకీలుకు ఫీజు ఇచ్చే స్తోమత లేకపోతే కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు. వెళ్లేటప్పుడు ఎఫ్ఐఆర్ కాపీ తీసుకెళ్లండి.