బీపీ మాత్రకు తోడు నొప్పి మాత్ర

ప్రశ్న: నా వయసు 61. బీపీకి రోజూ టెల్మిసార్టన్ 40 మి.గ్రా. వేసుకుంటాను. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని వాడుతున్నాను. ఈమధ్య బీపీ పెరిగింది. డోసు పెంచుకోవాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: డోసు సంగతి తర్వాత, ముందు నొప్పి మాత్రను అనుమానించాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీని తగ్గించి నొప్పిని అణుస్తాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాలను తెరిచి ఉంచేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. అవి తగ్గితే ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ పెరుగుతుంది. మరోవైపు టెల్మిసార్టన్ రక్తం బయటికి వెళ్లే నాళాన్ని వదులు చేస్తుంది. వచ్చేది తగ్గి, పోయే దారి వెడల్పైతే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. నీరు పోయే మాత్ర కూడా వాడుతున్నా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా కిడ్నీలకు ముప్పు ఇంకా ఎక్కువ.

‘ఎప్పుడైనా ఒకటి వేసుకుంటే ఏమవుతుంది?’ అనవచ్చు. కిడ్నీలు బాగున్నవారికి ప్రమాదం తక్కువే; రోజూ వాడటంతోనే చిక్కు. అలాగని బీపీ మాత్ర మానకండి. పారాసిటమాల్ కొంత మేలే కానీ, 2022లో వెలువడిన ఎడిన్‌బరో అధ్యయనంలో రోజుకు 4 గ్రాముల చొప్పున రెండు వారాలు వాడిన బీపీ రోగుల్లో పై అంకె సుమారు 5 పెరిగింది. కనుక ఏదైనా తక్కువ మోతాదులో, తక్కువ రోజులే వాడాలి. పైపూత జెల్, తొడ కండరాల వ్యాయామాల గురించి మీ డాక్టర్‌ను అడగండి. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించుకుని, డోసు మార్చాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి.